పిల్లలకు చూపించిన చీకటి

తెలుగునాట పుట్టిన పిల్లలకు పులి మొదట కథలోనే ఎదురవుతుంది. మేతకు వెళ్లిన ఆవును పులి అడ్డగిస్తుంది. ఇంటి దగ్గర పాలు మరవని దూడ ఉంది, దానికి కడుపునిండా పాలిచ్చి, నాలుగు బుద్ధిమాటలు చెప్పి వచ్చేస్తానని ఆవు వేడుకుంటుంది. వెళ్తుంది, అన్నమాట ప్రకారం తిరిగి వస్తుంది. ఆ సత్యానికి పులి మనసు కరిగి ఆవును విడిచిపెడుతుంది. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో ఈ కథను పద్యాల్లో చెప్పాడు. అవ్వలు, అమ్మమ్మలు ఎన్ని వేల సాయంత్రాలు దీన్ని నోటితో చెప్పి ఉంటారో! నేనూ ఈ కథ వింటూ పెరిగినదాన్నే, నా పిల్లలకు చెప్పినదాన్నే. అయినా జీవశాస్త్రం పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక నాకొక సందేహం పట్టుకుంది. ఆ రాత్రి పులి ఏం తిన్నది?

కథ ఆ సంగతి చెప్పదు. చెప్పవలసిన పని కూడా లేదు, అది సత్యం గురించి పుట్టిన కథ. కాని తరతరాలుగా మనం పిల్లలకు ఇచ్చిన పులి, నక్క, గుడ్లగూబ అన్నీ ఇలాంటివే. ఒకటి మంచిది, ఒకటి జిత్తులమారిది, ఒకటి అపశకునం. రాత్రి పూట అవి నిజంగా ఏం చేస్తాయో చెప్పగలిగినవాళ్లు అడవిలో తిరిగే కొద్దిమందే. వాళ్ల మాట ఊళ్లోకి, బళ్లోకి వచ్చేది కాదు.

నేను నల్లమల అంచున, ఆత్మకూరు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు తల్లులు. వాళ్లు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "టీచర్, రాత్రి పూట వేటాడే జంతువుల ప్రోగ్రాములు టీవీలో వస్తుంటాయి కదా, పిల్లలకు చూపించొచ్చా? మావాడు చూసినంతసేపు చూసి, అర్ధరాత్రి లేచి ఏడుస్తున్నాడు." అవును, కాదు అని ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదిది. మనిషి చీకట్లో జంతువును చూడటం ఎలా నేర్చుకున్నాడు, చూసినదాన్ని పిల్లల దగ్గరికి ఎలా తెచ్చాడు, తెచ్చేటప్పుడు ఏం కలిపాడు, ఏం దాచాడు అన్నది తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది.

ఈ చరిత్ర ఒక వేటగాడి పడవలో మొదలైంది. అమెరికాలో జార్జ్ షైరాస్ అని ఒక లాయరు. తర్వాత అక్కడి పార్లమెంటులో సభ్యుడయ్యాడు, ఆయన తండ్రి సుప్రీంకోర్టు న్యాయమూర్తి. మిషిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సు దగ్గర ఓజిబ్వే ఆదివాసుల వేట పద్ధతి ఒకటి ఆయన నేర్చుకున్నాడు. రాత్రిపూట పడవ ముందు దీపం పెట్టుకుని చప్పుడు లేకుండా తెడ్డు వేస్తారు. గట్టున నీళ్లు తాగే జింక ఆ వెలుగుకు నిలబడిపోతుంది, కళ్లు నిప్పుకణాల్లా మెరుస్తాయి. ఆ రెండు మెరుపుల మధ్యకు తుపాకీ గురిపెడతారు. షైరాస్ కొన్నాళ్లకు తుపాకీ పక్కన పెట్టి అదే పడవలో కెమెరా బిగించాడు. మెగ్నీషియం పొడి భగ్గుమని మండితే వచ్చే వెలుతురులో ఫొటోలు తీశాడు. దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువు కాలు తగలగానే దాని బొమ్మ అదే పడేలా ఏర్పాటు కూడా చేశాడు. 1902లో కెనడాలోని లూన్ సరస్సు గట్టున కూర్చున్న లింక్స్ అనే అడవిపిల్లిని తీసిన ఫొటో ఇప్పటికీ చూడదగ్గది. నల్లని నీళ్లు, తెల్లని పిల్లి, నీళ్లలో దాని నీడ. పక్కన రక్తం లేదు, కోరలు చూపించడం లేదు. ఒక వేట జంతువు రాత్రిపూట ఊరికే కూర్చుని ఉంది, అంతే.

1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక షైరాస్ ఫొటోలు 74 ఒకేసారి అచ్చువేసింది. శాస్త్ర పత్రికను బొమ్మల పుస్తకం చేస్తున్నారని అలిగి ఆ సంస్థ బోర్డు సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారని చెబుతారు. చీకటిలోని జంతువును జనానికి చూపించడం తగునా అన్న వాదన అక్కడే మొదలైందని నేననుకుంటాను. అప్పట్లో బెంగ పిల్లల గురించి కాదు, శాస్త్రం గౌరవం గురించి.

మన దేశంలో ఆ పని చేసినవాడు ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్. శివాలిక్ కొండల కింద, ఇప్పటి ఉత్తరాఖండ్ అడవుల్లో ఇంపీరియల్ ఫారెస్ట్ సర్వీసు అధికారి. తోటి దొరలంతా మంచె కట్టుకుని పులుల్ని కాలుస్తున్న రోజుల్లో ఆయన పులి నడిచే దారుల్లో తీగలు కట్టి కూర్చున్నాడు. 1925లో లండన్ చిత్రపత్రిక ఒకటి ఆయన తీసిన పులి ఫొటోను మొదటి పేజీలో వేసింది. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవని, చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపట్టవచ్చని ఆ రాత్రి ఫొటోల్లోనే ఆయన గమనించాడు. ఈ రోజు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో చెట్లకు కట్టిన కెమెరా ట్రాపుల బొమ్మలు ముందేసుకుని అటవీశాఖవాళ్లు పులుల్ని లెక్కపెట్టేది ఆ సూత్రం మీదే. వేటకు వాడే తీగ, దీపం ఒక తరంలోనే జంతువుల లెక్కకు పనికొచ్చే సాధనాలయ్యాయి. ఈ మలుపు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. జీవవైవిధ్యం పాఠం చెప్పేటప్పుడు ఛాంపియన్ పేరు చెప్పకుండా నేను ముందుకు వెళ్లేదాన్ని కాదు, పుస్తకంలో ఆ పేరు లేకపోయినా సరే.

ఫొటో దాకా బాగానే ఉంది. సినిమా వచ్చాక పిల్లలు వచ్చారు, పిల్లలతోపాటు వ్యాపారమూ వచ్చింది.

వాల్ట్ డిస్నీ సంస్థ 1948లో సీల్ జంతువుల మీద చిన్న సినిమా తీసి ఆస్కార్ అందుకుంది. అక్కడినుంచి వరసగా ప్రకృతి చిత్రాలు తీసింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి, పిల్లలు భయపడకూడదు అన్నది వాళ్ల నియమం. 1953లో వచ్చిన లివింగ్ డెజర్ట్ సినిమాలో తేళ్లు జతకట్టే సన్నివేశానికి పల్లెటూరి డాన్సు పాట పెట్టారు. రాత్రి తిరిగే విషజీవి పిల్లలకు నవ్వు తెప్పించే ఆటగత్తె అయింది. పిల్లలు హాయిగా నవ్వుకున్నారు, ఆ నవ్వును నేను తప్పుపట్టను. తప్పు 1958లో వచ్చిన వైట్ వైల్డర్నెస్ సినిమాలో ఉంది. ఆర్కిటిక్ ప్రాంతపు లెమ్మింగ్ అనే ఎలుకజాతి గుంపులు గుంపులుగా కొండ అంచునుంచి సముద్రంలో దూకి చస్తుందని ఆ సినిమా చూపించింది. దానికీ ఆస్కార్ వచ్చింది. 1982లో కెనడా టీవీ విలేకరులు ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. సముద్రమే లేని ఆల్బెర్టాలో దాన్ని తీశారు. లెమ్మింగులను వేరేచోట పిల్లల దగ్గర కొని తెచ్చి, తిరిగే చక్రం మీద పెట్టి, అంచునుంచి కిందికి తోసి చిత్రించారు. దాదాపు పాతికేళ్లు ప్రపంచం పిల్లలు ఆ అబద్ధాన్ని పాఠంగా నమ్మారు. పెద్దవాళ్లలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

పిల్లలకు తగిన సినిమా ఏది అని అడిగినప్పుడు మనం రక్తం ఉందా లేదా అని చూస్తాం. ఆ లెక్కన వైట్ వైల్డర్నెస్ పిల్లలకు తగిన సినిమాయే, దాన్ని పిల్లల కోసమనే ఊరూరా ఆడించారు. నా లెక్కన పిల్లలకు చూపించకూడనిది అదే.

నిజం చూపించడం వల్ల ఏమవుతుందో చెప్పడానికి హైనా కథ ఉంది. హాన్స్ క్రూక్ అనే డచ్చి శాస్త్రవేత్త 1960లలో టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో, గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో మచ్చల హైనాల మీద పనిచేశాడు. అప్పటిదాకా అందరూ చూసింది పగటి దృశ్యం. తెల్లారేసరికి సింహం మాంసం మీద కూర్చుని ఉంటుంది, చుట్టూ హైనాలు కాచుకుని ఉంటాయి. సింహం వేటాడింది, హైనా ఎంగిలికి వచ్చింది అని లోకం తీర్మానించింది. క్రూక్ వెన్నెల రాత్రుల్లో జీపు లైట్లు ఆర్పి హైనాల వెంట వెళ్లాడు. గోరోంగోరోలో జరుగుతున్నది చాలాసార్లు తలకిందులుగా ఉంది. వేటాడింది హైనాలు, అరుపులు విని వచ్చి లాక్కున్నది సింహాలు. 1972లో ఆయన పుస్తకం వచ్చేసరికి, ఎన్నో వందల ఏళ్లుగా ఒక జంతువు మీద పడిన నింద చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. కారణం ఒక్కటే, ఎవరో ఒకరు రాత్రి మేలుకుని చూశారు. (మన రాయలసీమ గుట్టల్లో తిరిగే దుమ్ములగొండి చారల హైనా, ఇది వేరే జాతి. దీనికి ఎక్కువగా చచ్చిన పశువులే ఆధారం. ఊరి కళేబరాల్ని శుభ్రం చేసిపెట్టే ఈ జంతువును కనబడితే రాళ్లతో కొట్టే అలవాటు నా కళ్లముందే పోయి ఉంటే సంతోషించేదాన్ని.)

1992లో డెరెక్, బెవర్లీ జుబేర్ దంపతులు బోట్స్‌వానాలోని సవుటీలో సింహాలకూ హైనాలకూ మధ్య రాత్రిళ్లు జరిగే పోరాటాన్ని సినిమాగా తీశారు. చాలా కఠినమైన సినిమా, అందులో చావులున్నాయి. కాని హైనా గుంపుకు ఆడదే పెద్ద అని, వాటికీ పిల్లలు, పొత్తులు, వంతులు ఉన్నాయని చూసినవాళ్లకు అర్థమవుతుంది. రెండేళ్లకు, 1994లో లయన్ కింగ్ వచ్చింది. హైనాలు మళ్లీ దొంగలయ్యాయి, దుర్మార్గుడి కొలువులో చేరాయి. భూమి మీద ఉన్న పిల్లల్లో ఎక్కువమంది చూసింది రెండోదాన్ని. మా బడిలో పిల్లలు కూడా హైనా బొమ్మ చూడగానే "విలన్ టీచర్" అనేవారు. క్రూక్ చలిలో మేలుకుని సంపాదించిన నిజం ఒక్క బొమ్మల సినిమా ముందు ఎంత చిన్నదైపోయిందో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. మా రోజుల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చిన మోగ్లీ షేర్‌ఖాన్‌తో పెరిగిన పిల్లలకు పులి విషయంలోనూ ఇంతే జరిగింది.

మన ఇళ్లల్లోకి ఈ కార్యక్రమాలు రోజూ రావడం 1995లో డిస్కవరీ ఛానెల్ భారతదేశానికి వచ్చాకే. తర్వాత నేషనల్ జియోగ్రాఫిక్, యానిమల్ ప్లానెట్ వచ్చాయి, ఇంకొన్నాళ్లకు తెలుగు మాటలు కూడా వినిపించాయి. అప్పటికి చీకట్లో చూసే సాధనాలూ మారిపోయాయి. షైరాస్ పొడి భగ్గుమంటే జంతువు బెదిరి పారిపోయేది. మనిషికీ జంతువుకూ కనిపించని పరారుణ కాంతి దీపాలు వచ్చాక వేటకు అంతరాయం లేకుండా తీయడం కుదిరింది. 2006లో వచ్చిన బీబీసీ ప్లానెట్ ఎర్త్‌లో సవుటీ సింహాల గుంపు కటికచీకట్లో ఏనుగును పడగొట్టే దృశ్యం అలా తీసిందే. ఆ తర్వాత ఒంటి వేడినే బొమ్మగా మార్చే థర్మల్ కెమెరాలు వచ్చాయి. అవి వెన్నెల కూడా అడగవు.

ఆ ఏనుగు దృశ్యం గురించి మావాళ్లు నన్ను చాలామంది అడిగారు. పెద్దవాళ్లు కూడా చూడలేక లేచి వెళ్లిపోయిన దృశ్యం అది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోఆన్ కాంటర్ అనే ఆవిడ తెరమీద బొమ్మలు పిల్లల్ని ఎలా భయపెడతాయన్న దాని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఆవిడ చెప్పింది మా ఇళ్లలో చూసినదానికి సరిగ్గా సరిపోయింది. ఏడేళ్లలోపు పిల్లలకు రూపమే భయం. పెద్ద కోరలు, మెరిసే కళ్లు, వికారమైన మొహం ఉంటే చాలు, అది నిజమా కల్పనా అన్నది వాళ్లకు పట్టదు. "అది ఆఫ్రికాలో ఉంది నాన్నా, ఇక్కడికి రాదు" అని ఎంత చెప్పినా ఆ వయసుకు ఎక్కదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, నీళ్లివ్వాలి, పక్కన పడుకోవాలి. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు రూపం అంత లెక్క కాదు. నిజంగా జరగగలిగేది వాళ్లను భయపెడుతుంది. వాళ్లకు కారణాలు చెబితే భయం తగ్గుతుంది. అంటే, ఒకే కార్యక్రమం ఒకే ఇంట్లో అన్నకు పాఠం, చెల్లికి పీడకల. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా ఇళ్లల్లో రాత్రి ఏడుపులు తగ్గుతాయి.

పిల్లవాడి చీకటి భయాన్ని పిరికితనమని వెక్కిరించే పెద్దలకు ఇంకో సంగతి చెప్పాలి. క్రెయిగ్ ప్యాకర్, ఆయన సహచరులు టాంజానియాలో 1988 నుంచి 2009 వరకు సింహాలు మనుషుల మీద చేసిన దాడులు ఐదువందలకు దగ్గరగా పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. దాడుల్లో ఎక్కువ భాగం పొద్దుగూకినప్పటినుంచి రాత్రి పది లోపల జరిగాయి. అందులోనూ పున్నమి వెళ్లిన తర్వాతి రోజుల్లో ఎక్కువ. అప్పుడు చంద్రుడు ఆలస్యంగా వస్తాడు, మనుషులు ఇంకా బయట తిరుగుతున్న వేళ కటికచీకటిగా ఉంటుంది, వెన్నెల రాత్రుల్లో వేట దొరకని సింహం ఆకలి మీద ఉంటుంది. చీకటికి భయపడే స్వభావం మనిషికి ఊరికే రాలేదు. లక్షల ఏళ్లు బతికి బయటపడ్డవాళ్ల నుంచి అది పిల్లలకు సంక్రమించింది. దాన్ని గౌరవించి, తెలివిగా మార్చుకోవడం నేర్పాలి.

భయం తెలివిగా మారకపోతే ఏమవుతుందో గుడ్లగూబను చూస్తే తెలుస్తుంది. ఇంటి మీద గుడ్లగూబ వాలితే ఇల్లు పాడుపెట్టి కొన్నాళ్లు వేరేచోట ఉండాలన్న ఆచారం మా ప్రాంతంలో ఉండేది, అక్కడక్కడ ఇంకా ఉంది. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మడం చట్టానికి విరుద్ధమైనా ఆగలేదు. అదే పక్షి గురించి అమెరికాలో రోజర్ పేన్, ఆ తర్వాత తిమింగలాల పాటల్ని లోకానికి వినిపించిన ఆయనే, ఒక ప్రయోగం చేశాడు. కాంతి చుక్క కూడా లేని గదిలో గుడ్లగూబను ఉంచి ఎండుటాకుల మీద ఎలుకను వదిలాడు. చప్పుడు విని గుడ్లగూబ గురి తప్పకుండా పట్టుకుంది. దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి. అందుకే చప్పుడు ఏ పక్కనుంచి, ఎంత ఎత్తునుంచి వస్తోందో దానికి తెలుస్తుంది. రెక్కల ఈకల అంచుకు దువ్వెనపళ్ల లాంటి కుచ్చు ఉండటం వల్ల ఎగిరితే శబ్దం రాదు. ఈ పాఠం చెప్పి, నిదానంగా తిప్పిన వీడియో చూపించిన తరగతిలో నుంచి ఒక పిల్లవాడు ఇంటికి వెళ్లి, వాళ్ల గడ్డివామి దగ్గరి గుడ్లగూబను తరమవద్దని తాతతో పోట్లాడాడు. "మన జొన్నలు తినే ఎలుకల్ని అది తింటుంది తాతా" అన్నాడట. తాత వచ్చి నాతో ఫిర్యాదులాగా చెప్పాడు, మొహంలో మాత్రం మురిపెం కనిపించింది.

హైదరాబాదు నెహ్రూ జూపార్కులో నిశాచర జంతువుల శాల ఉంది. పగలు లోపల చీకటి చేస్తారు, రాత్రి లైట్లు వేస్తారు. దాంతో లోపలి జంతువులకు మన పగలు రాత్రి అవుతుంది. దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలాలు, గుడ్లగూబలు మెలకువగా కనబడతాయి. విహారయాత్రలో పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు గుమ్మం దాటగానే ఏమీ కనిపించక "ఇందులో ఏమీ లేవు టీచర్" అని బయటికి పరుగెత్తబోయారు. ఆపి నిలబెట్టాను. కంటిలోని దండకణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుందని క్లాసులో చెప్పిన పాఠం అక్కడ వాళ్ల కళ్లతోనే నేర్చుకున్నారు. కొద్దిసేపటికి ఒక పిల్ల నా కొంగు పట్టుకుని, కొమ్మ మీద కదులుతున్న దేవాంగపిల్లిని వేలితో చూపించింది. ఆ పిల్లకు రాత్రి భయం ఎక్కువని హాస్టలు వార్డెన్ నాతో ముందే చెప్పి ఉంది.

నా తరగతిలో ప్రొజెక్టరు వచ్చాక నేను చేసిన పని ఒకటి తల్లిదండ్రులందరికీ చెబుతాను. వేట దృశ్యం వచ్చినప్పుడు శబ్దం పూర్తిగా తీసేసేదాన్ని. ఎందుకంటే ఆ శబ్దంలో ఎక్కువ భాగం అడవిది కాదు. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన బొమ్మకు దగ్గరి చప్పుడు దొరకదు, కాబట్టి అడుగుల సవ్వడి, ఎముకలు విరిగే చప్పుడు స్టూడియోలో కలుపుతారు. ఎముక విరిగిన శబ్దానికి సెలెరీ కాడలు విరవడం ఆ వృత్తిలో పాత పద్ధతి. డప్పుల సంగీతం సంగతి చెప్పనే అక్కర్లేదు. శబ్దం తీసేయగానే పిల్లలు కళ్లు మూసుకోవడం మానేశారు. గాలి ఎటు వీస్తోంది, ఆడసింహాలు ఎందుకు విడిపోయాయి, వెనకబడిన దున్న కుంటుతోందా అని గమనించారు. వేటల్లో ఎక్కువ విఫలమవుతాయని, ఆ విఫలమైనవన్నీ కత్తిరించి ఫలించినదాన్నే మనకు చూపిస్తారని చెప్పాను. "అయితే పులి చాలా రోజులు పస్తుంటుందా టీచర్?" అని అడిగింది వెనక బెంచీలోంచి ఒక పిల్ల. నా పాత సందేహాన్ని ఆ పిల్ల నాకన్నా బాగా అడిగింది.

ఇక మన ఇంటి ముందున్న అడవి సంగతి. 2023 మార్చిలో ఆత్మకూరుకు దగ్గరలోనే, కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం ఊరి శివార్లలో నాలుగు పులికూనలు దొరికాయి. ఊరివాళ్లు కుక్కల బారిన పడకుండా వాటిని గదిలో పెట్టి కాపాడారు. అటవీ సిబ్బంది రాత్రిళ్లు తల్లి కోసం ప్రయత్నించారు, కలపడం కుదరలేదు. చివరకు కూనల్ని తిరుపతి జూకు తరలించారు. ఆ వారమంతా మా పిల్లల నోట వేరే మాట లేదు. పులికి కోపం ఉంటుందని ఒక్కరూ అనలేదు, తల్లి ఎందుకు రాలేకపోయిందో అని వాదించుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో రాత్రివేళ ఆరేళ్ల పాపను చిరుత చంపింది. అంతకు ముందు జూన్‌లో ఒక చిన్న బాబును నోట కరుచుకుపోయి వదిలింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ చరిత్రా, ఏ శాస్త్రమూ మాట్లాడలేవు. ఆ తర్వాత నడకదారిలో మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని వదలలేదు, భక్తుల్ని గుంపులుగా పంపారు, చేతికర్రలు ఇచ్చారు. బోనుల్లో వరుసగా చిరుతలు పడ్డాయి.

ఆ రోజుల్లో ఫోన్లలో ఎక్కడెక్కడివో చిరుత దాడుల వీడియోలు కలిపి తిప్పారు. పిల్లలు వాటిని పదేపదే చూశారు. వాటి వల్ల ఒక్క పిల్లవాడికీ తనను తాను కాపాడుకునే సంగతి తెలియలేదు. చిరుత చిన్న ఆకారాన్ని, ఒంటరిగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. పొద్దు వాలాక పిల్లలు పెద్దల మధ్యలో నడవాలి, ముందుకు పరుగెత్తకూడదు, ఎదురైతే వీపు చూపించి పారిపోకూడదు. చెంచుగూడెం నుంచి వచ్చి అటవీశాఖలో వాచరుగా చేసే ఒకాయనను బడికి పిలిస్తే ఇవన్నీ పది నిమిషాల్లో చెప్పాడు. "మనం దాన్ని చూసేలోపల అది మనల్ని చాలాసార్లు చూసుంటాది. ఊరికే పోతాంది గదా అని మనకు తెలీదు, అంతే" అన్నాడు. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు.

ముంబయిలో ఈ దారి ముందే పట్టారు. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం చుట్టూ 2004లో చిరుత దాడుల్లో వరుసగా మనుషులు చనిపోయారు. వేరేచోట్ల పట్టిన చిరుతల్ని తెచ్చి అక్కడ వదలడం కూడా ఒక కారణమని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. 2011 నుంచి అటవీశాఖ, విద్యా ఆత్రేయ లాంటి శాస్త్రవేత్తలు, స్థానికులు కలిసి బస్తీలకు, బడులకు, విలేకరులకు చిరుత అలవాట్లు నేర్పే పని పెట్టుకున్నారు. 2016లో ప్లానెట్ ఎర్త్ రెండో భాగం అక్కడి చిరుతల్నే థర్మల్ కెమెరాతో తీసి ప్రపంచానికి చూపించింది. ఇళ్ల లైట్ల మధ్య నుంచి నడిచిపోయే చిరుత, పందిపిల్ల మీదికి దూకే చిరుత అందులో ఉన్నాయి. సంగీతం భయపెట్టేదే. కాని అపార్టుమెంటు గోడ పక్కగా మనిషిని ఏమీ అనకుండా రాత్రంతా తిరిగి వెళ్లే జంతువును కోట్లమంది మొదటిసారి చూసింది కూడా దానిలోనే.

కాబట్టి నా దగ్గర చదువుకున్న తల్లులకు నేను చెప్పేది ఇది. ఏడేళ్లలోపు పిల్లలకు వేట దృశ్యాలు వద్దు, ముఖ్యంగా పడుకోబోయే ముందు వద్దు. వాళ్లకు గుడ్లగూబ ఎగరడం, పునుగుపిల్లి పళ్లు తినడం, గబ్బిలం తిరగడం చాలు. ఆ పైబడిన పిల్లలకు చూపించండి, తప్పకుండా చూపించండి. ఏనుగు పడిపోయే దృశ్యం కూడా పన్నెండేళ్ల పిల్లలు చూడగలరు, మీరు పక్కన కూర్చుంటే. శబ్దం తగ్గించండి. సినిమా ఎవరు, ఎలా తీశారో వెతికి చెప్పండి. జంతువును దొంగ, హంతకి, దయ్యం అని పిలిచే కార్యక్రమం వస్తే అక్కడే ఆపేయండి. దాడుల ముక్కలు అతికించిన ఫోను వీడియోలు ఏ వయసుకూ వద్దు.

తెలుగులో కార్యక్రమాలు తీసేవాళ్లకూ ఒక విన్నపం. ఆఫ్రికా రాత్రిని మా పిల్లలు చాలా చూశారు. నల్లమలలో, శేషాచలంలో, పాపికొండల్లో రాత్రి ఏం జరుగుతుందో వాళ్లకు ఇంకా తెలియదు. కెమెరా ట్రాపులు అడవిలో ఉన్నాయి, వాటిలో బొమ్మలున్నాయి, వాటిని చదివి చెప్పగల చెంచువాళ్లు, అటవీ సిబ్బంది మన మధ్యే ఉన్నారు. వాళ్ల నోటితో, మన భాషలో, డప్పులు లేకుండా ఒక మంచి సినిమా తీసి ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ పంపండి.